హైదుక్ వెల్కో నెగోటిన్‌ను ఎందుకు వదిలిపెట్టలేదు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్ళో తెలుగు చదివేవాళ్ళం కొంతమందిమి నెలకొకసారి కూర్చుని, పెద్ద రాజ్యాలను ఎదిరించిన చిన్న సేనానుల గురించి మాట్లాడుకుంటున్నాం. గంజాం వైపు 1835లో మొదలైన గుంసూరు తిరుగుబాటుతోను, దాన్ని నడిపిన దొర బిసోయితోను ఆరంభించాం. అల్లూరి సీతారామరాజు దాకా వచ్చాక, ఇతర దేశాలవాళ్ళను కూడా చూద్దామని కుర్రవాళ్ళు పట్టుబట్టారు. ఈసారి నా వంతుకు సెర్బియా వచ్చింది. ఒట్టోమన్ తుర్కుల మీద 1804లో సెర్బులు లేవదీసిన మొదటి తిరుగుబాటులో పేరు మోసిన హైదుక్ వెల్కో పెత్రోవిచ్ జీవితాన్ని నేను చెప్పవలసి ఉంది. హైదుక్కులంటే అడవులను ఆసరా చేసుకుని తుర్కులను, ఒక్కోసారి తుర్కులు కానివాళ్ళను కూడా దోచుకు తిరిగిన ముఠాలవాళ్ళు.

జీవితం స్థూలంగా తెలిసింది. 1780 ప్రాంతంలో తూర్పు సెర్బియాలోని లెనోవత్స్ అనే పల్లెలో పుట్టాడు, పశువులు కాశాడు, హైదుక్కుల్లో కలిశాడు, తిరుగుబాటులో సేనానిగా ఎదిగాడు, 1813లో డాన్యూబ్ దగ్గరి నెగోటిన్ పట్టణాన్ని కాపాడుతూ ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. నన్ను తికమక పెడుతున్నవి రెండు. 1809లో బాన్యా అనే పట్టణంలో తుర్కులు చుట్టుముట్టినప్పుడు, ఇదే మనిషి కత్తి దూసి రాత్రికి రాత్రి ముట్టడిని చీల్చుకుని బయటపడ్డాడు. నాలుగేళ్ళ తర్వాత నెగోటిన్‌లో ఆ పని ఎందుకు చేయలేదు? అతను పోయిన కొద్దిరోజులకే మిగిలిన సైన్యం చిత్తడి నేలల గుండా చీకట్లో తప్పించుకుందని చదివాను కాబట్టి, దారి లేక ఆగిపోయాడని అనుకోవడానికి లేదు. ఇక రెండోది, అన్నాళ్ళ ముట్టడిలో, తిరుగుబాటు పెద్దలు కూర్చున్న బెల్‌గ్రేడ్ నుంచి సకాలంలో సాయం ఎందుకు అందలేదన్నది. ఎవరో పెద్దమనిషి ఓర్వలేనితనం వల్లనని ఒకచోట చూశాను గాని, ఒక్కడి అసూయతో ఒక సరిహద్దు మొత్తం కూలిపోతుందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. తెలిసినవారు వివరంగా రాస్తే మా కుర్రవాళ్ళకు చదివి వినిపిస్తాను.

పాత చరిత్ర మాస్టారు (బరంపురం):

మహేంద్రతనయ గారికి, మీ రెండు ప్రశ్నలకూ బదులు నెగోటిన్‌లో వెతికితే దొరకదు. మొదటి నుంచీ రావాలి.

ఈ తిరుగుబాటు సుల్తాను మీద మొదలవలేదని ముందు కుర్రవాళ్ళకు చెప్పండి. బెల్‌గ్రేడ్ ప్రాంతాన్ని జానిసరీ సైన్యానికి, అంటే సుల్తాను జీతపు కాల్బలానికి, చెందిన నలుగురు నాయకులు, దాహీలనేవాళ్ళు, సుల్తానుకు కూడా లొంగకుండా చేజిక్కించుకున్నారు. సెర్బులతో దయగా ఉన్న అక్కడి తుర్కు పాలకుడు హాజీ ముస్తఫా పాషాను 1801లో చంపారు. 1804 తొలినాళ్ళలో, ఊళ్ళలో పలుకుబడి ఉన్న సెర్బు పెద్దలను వెతికి వెతికి తలలు నరికించారు. ప్రజలు ఎదురు తిరుగుతారన్న భయంతో చేసిన ఆ పనే ప్రజలు ఎదురు తిరగడానికి కారణమైంది. ఆ ఫిబ్రవరిలో ఒరాషత్స్ పల్లెలో జనం కూడి నాయకుణ్ణి ఎన్నుకోబోతే, మొదట స్తనోయె గ్లావష్ అనే హైదుక్ పేరు వచ్చింది. తాను హైదుక్‌నని, ఇల్లూ వాకిలీ లేని బందిపోటు వెంట నడిచారని లోకం అంటుందని అతను ఒప్పుకోలేదు. చివరకు పందుల వ్యాపారం చేసే కరాజోర్జే నాయకుడయ్యాడు. ఆస్ట్రియా సైన్యంలో తుర్కులతో పోరాడి వచ్చినవాడు కాబట్టి యుద్ధం అతనికి కొత్త కాదు. 1805లో ఇవాన్‌కోవత్స్ దగ్గర సుల్తాను పంపిన సైన్యాన్నే ఓడించాక గాని, ఇది సామ్రాజ్యం మీది యుద్ధమని ఇరుపక్షాలకూ తేటతెల్లం కాలేదు.

మన వెల్కో ఆ గ్లావష్ ముఠాలోవాడే. అతని కథ రాసిన వుక్ కరాజిచ్ ఒక ముచ్చట చెబుతాడు. తిరుగుబాటుకు ముందటి చలికాలంలో వెల్కో ఒక ఊళ్ళో పశువుల కాపరిగా కుదిరి, ఒక వితంతువును పెళ్ళి చేసుకున్నాడు. తాను హైదుక్‌నన్న మాట ఆమెకు చెప్పలేదు. తిరుగుబాటు కబురు రాగానే దాచిన మంచి బట్టలు, ఆయుధాలు తీసి ధరించేసరికి, తాను చేసుకున్నది ఒక హైదుక్‌నా అని ఆమె బెంబేలెత్తిందట. ఇప్పుడు మగవాడన్న ప్రతివాడూ హైదుక్కేనని అతను ఆమెను సముదాయించాడట. ఈ వుక్ ఎవరో కాదు, సెర్బు భాషకు లిపినీ నిఘంటువునూ సంస్కరించి ఇచ్చిన మహానుభావుడు. నెగోటిన్ ఉన్న క్రాయినా ప్రాంతంలో సుంకం కచేరీలో పనిచేసినవాడు. అందువల్ల 1826లో అతను అచ్చువేసిన వెల్కో జీవితానికి దగ్గరివాడి సాక్ష్యమన్న విలువ ఉంది. దొర బిసోయి గురించి మనకు తెలిసినదంతా అతన్ని వేటాడిన దొరల కాగితాల్లోదే. వెల్కోకు తనవైపు నుంచి రాసే గుమాస్తా ఒకడు దొరకడం అతని అదృష్టమనే చెప్పాలి.

మనిషి స్వభావం కూడా వుక్ దాచలేదు. తన దగ్గర ఉన్నంతకాలం ఎవరైనా వచ్చి తినవచ్చు గాని, తన దగ్గర లేనప్పుడు కలిగి కూడా పెట్టనివాడి పని పడతానని వెల్కో అనేవాడట. తాను బతికి ఉన్నంతకాలం సెర్బియాలో యుద్ధం ఉండాలని, తాను పోయాక శాంతి కలగాలని దేవుణ్ణి కోరుకునేవాడట. ఆడవాళ్ళ విషయంలో వచ్చిన ఫిర్యాదుల మీద బెల్‌గ్రేడ్ పెద్దలు పిలిపించి అడిగితే, నా ఒంటిమీద ఎన్ని గాయాలున్నాయని అడుగుతారనుకున్నాను, ఎందరు అమ్మాయిలను ముద్దుపెట్టుకున్నావని అడుగుతున్నారా అని ఎదురు తిరిగాడట. మీ కుర్రవాళ్ళు ఈ మాటకు నవ్వుతారు, నవ్వనివ్వండి. కాని ఫిర్యాదు చేసినవాళ్ళ గోడు అందులో వినిపించదని కూడా చెప్పండి. నా మట్టుకు నేను అతన్ని మచ్చలేని వీరుడిగా నిలబెట్టను.

అతని సైనిక విద్య అంతా దాడి చేయడం, దోచడం, మెరుపులా మాయం కావడం. బెల్‌గ్రేడ్ సభ అనుమతి పుచ్చుకుని, తుర్కుల చేతిలో ఉన్న తూర్పు జిల్లాల్లోకి కొద్దిమందితో చొరబడి, బాన్యాను పట్టి అక్కడే పాతుకున్నాడు. 1809లో నీష్ దగ్గర చెగర్ గుట్ట మీద స్తెవాన్ సింజెలిచ్ తన మందుగుండు కొట్టును తానే పేల్చేసి తుర్కులతో కలిసి చచ్చిపోయాక, సెర్బుల తూర్పు పంక్తి మొత్తం కుప్పకూలింది. అక్కడ చనిపోయిన సెర్బుల పుర్రెలతో తుర్కులు కట్టించిన బురుజు నీష్‌లో ఇప్పటికీ ఉంది. బాన్యా ముట్టడిలో పడిందీ, వెల్కో చీల్చుకు వచ్చిందీ అప్పుడే. అక్కడ అతను పొరుగు జిల్లాలోకి దిగిన దాడికారు, నెగోటిన్‌లో ఆ జిల్లాకు అధికారి. అతను కదలకపోవడానికి సగం కారణం ఈ తేడాలో ఉందని నా అభిప్రాయం. మిగతా సగం బెల్‌గ్రేడ్‌లో ఉంది. అది వకీలు గారు నాకంటే బాగా చెప్పగలరు.

గుణుపూర్ వకీలు:

మాస్టారు నా మీద భారం వేశారు కాబట్టి రాస్తున్నాను.

ఓర్వలేనితనం మాట నిజమే గాని, అది ఊరికే పుట్టింది కాదు. తిరుగుబాటు ఏడేళ్ళు నడిచేసరికి సెర్బియాలో ఒక్కొక్క పెద్ద సేనాని ఒక్కొక్క ప్రాంతానికి రాజులా తయారయ్యాడు. తూర్పున మిలెంకో స్తోయ్‌కోవిచ్, పేతర్ దొబర్న్యత్స్ అనే ఇద్దరు కరాజోర్జేను లెక్కచేయడం మానేశారు. 1811 ఆరంభంలో కరాజోర్జే ఒక ఎత్తు వేశాడు. పెద్ద జిల్లాలను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఒక చిన్న సేనాని చేతిలో పెట్టి, వాళ్ళందరూ నేరుగా బెల్‌గ్రేడ్‌కే జవాబుదారులని నిర్ణయించాడు. పెద్దవాళ్ళిద్దరికీ మంత్రి పదవులు ఇస్తామన్నారు. తమ సైన్యాలకు దూరమై బెల్‌గ్రేడ్‌లో కూర్చోవడమంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. ఒప్పుకోలేదు, దేశం వదిలి పోవలసి వచ్చింది. అలా ఖాళీ అయిన తూర్పులో నెగోటిన్, క్రాయినా వెల్కో వంతుకు వచ్చాయి.

దీన్ని న్యాయవాదిగా చూస్తే నాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెల్కోకు పదవి పెరిగింది, కాని అతని వెనక ఆసరాగా నిలవగల పెద్ద సేనాని ఎవరూ మిగల్లేదు. మిలెంకో ఉన్న రోజుల్లో నెగోటిన్‌కు ఆపద వస్తే సాయం పక్క ఊరి నుంచే వచ్చేది. 1811 తర్వాత మందు, సీసం, మనుషులు, అన్నీ బెల్‌గ్రేడ్ పెద్దల దయ మీద ఆధారపడ్డాయి. కరాజోర్జే తన ఇంటి తగాదా తీర్చుకోవడానికి చేసిన ఏర్పాటు, సరిహద్దును ఒంటరిని చేసింది.

ఇక బయటి సంగతి. రష్యా 1806 చివర నుంచి తుర్కులతో యుద్ధంలో ఉండి సెర్బులకు అండగా నిలిచింది. 1810లో వర్వరిన్ దగ్గర రష్యా సైన్యంతో కలిసి వెల్కో కూడా పోరాడి, చేతికి గట్టి గాయం తగిలించుకున్నాడు, రష్యా పతకం కూడా అందుకున్నాడు. 1812 వచ్చేసరికి నెపోలియన్ రష్యా మీదికి బయల్దేరుతున్నాడు. సైన్యాన్ని డాన్యూబ్ నుంచి వెనక్కి తెచ్చుకోవడం రష్యాకు అత్యవసరమైంది. మే నెలలో బుకారెస్ట్ సంధి కుదిరింది. అందులో ఎనిమిదో అధికరణం సెర్బుల కోసం రాసిందే. వాళ్ళకు క్షమాభిక్ష ఉంటుంది, ఇంటి వ్యవహారాలు వాళ్ళే చూసుకుంటారు, కాని కోటలన్నీ తిరిగి తుర్కుల దళాల చేతికి పోవాలి. దాహీల కాలం మరిచిపోని సెర్బులు కోటలు అప్పజెప్పడానికి సిద్ధపడలేదు. సంధి రాసేటప్పుడు వాళ్ళను అడిగినవాళ్ళూ లేరు. వాళ్ళు ఒప్పుకోరన్నది తేలిపోయాక, 1813 వేసవిలో తుర్కులు తూర్పు నుంచి, దక్షిణం నుంచి, పడమటి నుంచి ఒకేసారి వచ్చి పడ్డారు. తూర్పు దారికి నెగోటిన్ మొదటి తలుపు.

ఇప్పుడు మీరడిగిన పెద్దమనిషి. అతని పేరు మ్లాదెన్ మిలోవనోవిచ్. కొత్త ఏర్పాటులో యుద్ధ వ్యవహారాలు చూసే మంత్రి అతనే. వెల్కో కబురు మీద కబురు పంపితే, సాయం సంగతి చివరకు అతని దగ్గరికి వచ్చింది. భోజనానికి కూర్చుంటే వెల్కో చుట్టూ పదిమంది పాటగాళ్ళు చేరి అతని శౌర్యం పాడతారు, నాకు పాడేవాళ్ళు లేరు, అంత వీరుడైతే తనే నిలబెట్టుకోనీ అని మ్లాదెన్ అన్నాడని చెబుతారు. ఆ మాట అన్నాడో లేదో గాని, మూడు దిక్కుల నుంచి ముంచుకొస్తున్నప్పుడు ఎవరికి ముందు మందుగుండు పంపాలో తేల్చుకోలేని ఇరకాటం మ్లాదెన్‌కు నిజంగానే ఉంది. కాబట్టి అసూయ ఒక్కటే క్రాయినాను కూల్చిందంటే నేనూ ఒప్పుకోను. సరుకు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ అయినప్పుడు, పంచేవాడి మనసులో ఉన్న కసి తూకాన్ని ఒకవైపు మొగ్గించిందని మాత్రం ఒప్పుకుంటాను. కరాజోర్జే చివరకు డాన్యూబ్ మీద పడవలో మందుగుండు పంపించాడు. అది చేరేసరికి వెల్కో లేడు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మాస్టారికీ వకీలు గారికీ కృతజ్ఞతలు. 1811 ఏర్పాటు సంగతి నాకు కొత్త, ఇంతకుముందు చదివిన చోట ఎక్కడా దాన్ని నెగోటిన్‌తో ముడిపెట్టి చెప్పలేదు. అయినా నా మొదటి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. సాయం రాదని తెలిశాక అయినా, వెనక ఉన్న కొండల్లోకి తప్పుకుంటే సైన్యం దక్కేది కదా? కొండల్లో పోరాడటమే అతనికి తెలిసిన విద్య అని మాస్టారే అన్నారు.

రిటైర్డ్ అమీన్ (రాయగడ):

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను, జీవితమంతా కొండలూ గట్లూ కొలిచినవాణ్ణి. మ్యాపు ముందు పెట్టుకుని మాట్లాడితే మీ ప్రశ్నకు కొంత బదులు చెప్పగలను.

నెగోటిన్ మైదానంలో ఉంది. తూర్పున కొంత దూరంలో డాన్యూబ్, ఆగ్నేయంగా తిమోక్ నది వచ్చి అందులో కలుస్తుంది. ఇప్పుడు సెర్బియా, బల్గేరియా, రొమేనియా మూడూ ఆ దగ్గరలోనే కలుసుకుంటాయి. డాన్యూబ్ వెంట కొంత దిగువకు పోతే విడిన్ కోట, తుర్కుల పక్షాన ముల్లా పాషా ఉన్న చోటు. నదీమార్గం ఉన్నవాడికి బరువైన ఫిరంగులు, గుండ్లు, ధాన్యం తెచ్చుకోవడం తేలిక. బెల్‌గ్రేడ్ నుంచి పడవ దిగువకు రావాలంటే మాత్రం ఇనుప ద్వారమని పేరున్న ఆ ఇరుకు కొండదారిలో, అప్పట్లో పడవలను బద్దలుకొట్టే రాళ్ళ మీదుగా రావాలి. నెగోటిన్‌కు పడమట డెలీ యోవాన్ కొండలు లేస్తాయి. మీరన్న వెనక కొండలు అవే.

నా చేతికి ఆ పని అప్పగిస్తే నేను మైదానంలో నిలబడను. ఊరిని ఖాళీ చేయించి, ఆ కొండల కనుమల దగ్గర తుపాకులు పెట్టి కూర్చుంటాను. నెగోటిన్‌లో కోట అంటే రాతి గోడలు కావు, మట్టి కట్టలు, కందకాలు, కొన్ని బురుజులు, ఒకపక్క చిత్తడి నేల. లోపల వెల్కో మనుషులు సుమారు 3,000. బయట ఉన్న తుర్కుల సంఖ్య 16,000 నుంచి 18,000 దాకా రాస్తారు. అందులో సగమే అనుకున్నా, ఫిరంగులు వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు మట్టి కట్ట ఎన్నాళ్ళు నిలుస్తుంది? అలాంటి చోట సుమారు 20 రోజులు నిలిచాడంటే, కూర్చుని కాపాడుకోవడం వల్ల కాదు. రోజూ బయటికి ఉరికి తుర్కుల శిబిరం మీద పడేవాడు, రాత్రిపూట కూడా పడేవాడు. అంటే కోట లోపల ఉండి కూడా తనకు తెలిసిన ఆ పాత విద్యనే వాడాడన్నమాట.

ఆ రోజుల వర్ణన చదివితే ఫిరంగి చేసే పని ఎలాంటిదో తెలుస్తుంది. బురుజులు ఒక్కటొక్కటే కూలాయి. వెల్కో ఉండే ఎత్తైన బురుజు కూడా కూలాక, దాని కింది నేలమాళిగలోకి మకాం మార్చాడు. తుపాకీ గుండ్లకు సీసం అయిపోతే, ఇళ్ళలో ఉన్న తగరపు పళ్ళేలు, చెంచాలు, దీపాలు కూడా కరిగించి గుండ్లు పోశారు. ఫిరంగి గుండ్లు అయిపోతే వెండి నాణేలు దట్టించి పేల్చారట. ఇంటింటికీ తిరిగి పళ్ళేలు అడిగి తెచ్చేవాడి మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. నాలుగోవంతు ఊరు కట్టల వెంట కాపలా ఉంటే, మిగతావాళ్ళు పొయ్యిల దగ్గర గుండ్లు పోస్తూ ఉండి ఉంటారు.

అతని చావు కూడా అలాంటి పనిలోనే వచ్చింది. ఒక ఉదయం ఒక చిన్న కట్ట మీద నిలబడి మరమ్మతు చేయిస్తుంటే, అవతల ఫిరంగి దగ్గరివాడు గుర్తుపట్టి గురిపెట్టాడని, గుండు అతని భుజాల మీదుగా చీల్చుకుపోయిందని, నిలబడండి అన్న మాట నోటి నుంచి సగం వచ్చి ఆగిపోయిందని చెబుతారు. తమ్ముడు మిలుతిన్ శవం మీద పచ్చిగడ్డి కప్పించి, సాయంత్రం దాకా దాచి, చీకటి పడ్డాక గుడి పక్కన పాతిపెట్టించాడు. సైన్యానికి చెప్పకుండా రోజులు నెట్టుకొచ్చాడు. అలాంటి కబురు ఎన్నాళ్ళు దాగుతుంది? తెలిశాక అయిదారు రోజులైనా నిలవలేదు.

అందుకే నా లెక్క మారదు. మైదానంలో ఆగడం తప్పు. చరిత్ర చదివినవాళ్ళు కాదంటే వినడానికి సిద్ధంగా ఉన్నాను.

పాత చరిత్ర మాస్టారు (బరంపురం):

అమీన్ గారూ, మీ గొలుసు కొలత తప్పని నేననను. కొండల్లో సైన్యం దక్కేదేమో, కాని అది ఎవరి సైన్యం?

వెల్కో వెంట ఉన్నవాళ్ళలో పాత హైదుక్కులు కొంతమందే. ఎక్కువమంది ఆ చుట్టుపక్కల పల్లెల రైతులు. కొండల్లోకి రమ్మంటే, ఆ రాత్రే సగంమంది భార్యాబిడ్డల కోసం ఇళ్ళకు పోతారు. ఇది నా ఊహ కాదనడానికి బాన్యా తర్వాత జరిగింది చూడండి. 1809లో తూర్పు పంక్తి కూలగానే డాన్యూబ్, మొరావా నదుల మధ్య ఊళ్ళు ఊళ్ళే ఖాళీ అయి జనం పారిపోయారు. సైన్యం దక్కినా దానికి తిండి పెట్టే పల్లెలు దక్కలేదు. వెల్కో అది కళ్ళారా చూసినవాడు. తల ఇస్తాను గాని క్రాయినా ఇవ్వనని అతను అన్నాడని సెర్బులు ఇప్పటికీ చెప్పుకునే మాటను నేను వీరుడి డాంబికంగా తీసుకోను. తాను వదిలిన మరుక్షణం క్రాయినా అనేది ఉండదని అతనికి తెలుసు. లెనోవత్స్ ఆ చుట్టుపక్కల ఊరే అన్న సంగతి కూడా కలుపుకోండి.

ఇంకొకటి. 1811 తర్వాత అతను జవాబు చెప్పవలసింది బెల్‌గ్రేడ్‌కు. ఆడవాళ్ళ సంగతికే విచారణకు పిలిచిన పెద్దలు, జిల్లా వదిలి వచ్చినవాణ్ణి ఏమంటారు? మిలెంకోకు పట్టిన గతి అతని కళ్ళ ముందే ఉంది. పాత హైదుక్‌కు కోట వదలడం సిగ్గు కాదు. హైదుక్కు పేరున్న జిల్లా అధికారికి మాత్రం అది ఉద్యోగం పోగొట్టే నేరం, ప్రాణం తీసే నేరం కూడా. వకీలు గారన్న ఏర్పాటు అతన్ని ఇక్కడ కూడా కట్టేసింది.

గుణుపూర్ వకీలు:

మాస్టారి మాటకు ఒక చిన్న అడ్డు. అతను నిలబడటం వల్ల తిరుగుబాటుకు కలిసొచ్చినదేమీ లేదు. క్రాయినా పోయాక తుర్కులు డాన్యూబ్ వెంట ఎగువకు నడిచారు. అక్టోబరు ఆరంభంలో కరాజోర్జేయే సరిహద్దు దాటి ఆస్ట్రియా గడ్డ మీద ఉన్న జెమూన్‌కు తప్పుకున్నాడు. బెల్‌గ్రేడ్ తుర్కుల చేతికి పోయింది. రెండో తిరుగుబాటు 1815లో మిలోష్ ఒబ్రెనోవిచ్ తకోవోలో లేవదీసేదాకా ఆ దేశం ఊపిరి తీసుకోలేదు. కరాజోర్జే రహస్యంగా తిరిగి వస్తే, 1817లో ఆ మిలోషే అతన్ని చంపించి తల ఇస్తాంబుల్‌కు పంపించాడు. నిలబడ్డవాడికీ, తప్పుకున్నవాడికీ దక్కింది ఒకటే అయినప్పుడు, ఎవరిది తెలివి అన్న ప్రశ్నకు నేను తీర్పు చెప్పలేను. మ్లాదెన్ ఒక్కడికి మాత్రం నా కోర్టులో క్షమాపణ లేదు.

కాశీనగరం కోడలు:

అన్నయ్యలందరూ కోట, కొండ, మంత్రి అంటున్నారు, స్తానా పేరు ఒక్కరూ ఎత్తలేదు. పొట్టిగా ఉండేదని చుచుక్ స్తానా అనేవారు. నెగోటిన్ దగ్గరి సికోలే ఊరి పిల్ల, వెల్కో రెండో భార్య. కత్తీ తుపాకీ పట్టి అతనితోపాటు పోరాడిందని సెర్బులు చెప్పుకుంటారు. భర్త పోయి, దేశం పోయాక, కరాజోర్జే వెంట వెళ్ళిన సెర్బులతో కలిసి రష్యా ఏలుబడిలోని హోతిన్ చేరింది. అక్కడ ఒలింపియోస్ అనే గ్రీకు సేనానిని, యోర్గాకిస్‌ను, పెళ్ళి చేసుకుంది. అతనూ తుర్కుల మీద పోరాడినవాడే. గ్రీకుల తిరుగుబాటు ఆరంభమైన 1821లో మోల్డావియాలోని సేకు మఠంలో తుర్కులు చుట్టుముడితే, లొంగిపోకుండా మందుగుండు పేల్చేసుకుని చనిపోయాడు. స్తానా పిల్లలను తీసుకుని గ్రీసుకు పోయి, చివరకు ఏథెన్స్‌లో కన్నుమూసింది.

ఒకే ఆడమనిషి రెండు దేశాల తిరుగుబాట్లకు ఇద్దరు భర్తలను ఇచ్చింది. మహేంద్రతనయ గారు మీ సభలో వెల్కో కథను నెగోటిన్ గుడి దగ్గరే ఆపేయకుండా, ఆమె వెంట ఏథెన్స్ దాకా తీసుకెళ్ళమని నా మనవి. బాల్కన్ తిరుగుబాట్లు ఒకదానితో ఒకటి ఎలా అల్లుకున్నాయో కుర్రవాళ్ళకు ఆమె జీవితం చెప్పినంత తేలికగా ఏ పాఠమూ చెప్పలేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అమ్మా, స్తానా సంగతి తప్పక చెబుతాను. అమీన్ గారి మ్యాపును గోడ మీద పెద్దగా గీయిస్తాను. మ్లాదెన్ మీద అభియోగం వకీలు గారి మాటల్లోనే చదివి, మాస్టారి జవాబునూ చదివి, తీర్పు కుర్రవాళ్ళనే అడుగుతాను. అమీన్ గారికి ఒక ప్రశ్న ఉంది: డెలీ యోవాన్ కనుమల నుంచి మొరావా లోయ దాకా దారి ఆ రోజుల్లో బండ్లు నడిచేదేనా, లేక కాలిబాటేనా? మ్యాపులో ఆ గీత ఎంత లావుగా గీయించాలో తేల్చుకోవాలి.

రిటైర్డ్ అమీన్ (రాయగడ):

సన్నగానే గీయించండి. అటు పక్క బరువు మోసేది డాన్యూబే. నదిని మాత్రం లావుగా, నీలంగా, విడిన్ దగ్గర మొదలుపెట్టి ఎగువకు గీయించండి. ఇనుప ద్వారం దగ్గర రాళ్ళు చుక్కలు పెట్టించడం మరిచిపోవద్దు.